ఈపర్ నుంచి సోమ్ దాకా సైకిల్ మీద: మన సైనికుల సమాధులు చూడాలనుకునేవాళ్ళకి

ఐండ్‌హోవెన్ నుంచి అడిగినాయన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. భార్యాభర్తలిద్దరూ రోజూ ఆఫీసుకి సైకిల్ మీదే వెళ్తారు కానీ దూరప్రయాణాలు చేసింది లేదు. వారం సెలవు పెట్టి బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్ పల్లెల్లో మొదటి ప్రపంచ యుద్ధం నాటి సమాధులు చూస్తూ తిరగాలని ఉంది. మనవాళ్ళ సమాధులు ఎక్కడున్నాయి? తెలుగువాళ్ళ పేర్లు దొరుకుతాయా? మామూలు సైకిల్ సరిపోతుందా? "సెలవు పెట్టుకుని మరీ శ్మశానాలు తిరగడమేంట"ని అత్తగారు అంటున్నారట, ఆవిడకేం చెప్పాలి?

అత్తగారి సంగతి చివర్లో చూద్దాం. నేను గెంట్ దగ్గర చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. చుట్టాలొచ్చినా స్నేహితులొచ్చినా ఈ దారుల్లో తిప్పడం నా వంతే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ముందు ఒక్క మాట. ఈ ప్రాంతాన్ని కారులో చూస్తే ఏమీ అర్థం కాదు. బెల్జియంలోని ఈపర్ పట్నం నుంచి పాసెండాల ఊరికి కారులో పావుగంట. "దీనికోసమా అంతమంది చచ్చిపోయింది?" అనుకుని వెనక్కొచ్చేస్తారు. అదే సైకిల్ మీద వెళ్తే జోన్నెబేకె దాటాక మీకు తెలియకుండానే ఒక గేరు దించుతారు. కంటికి ఆనని ఎత్తు అది, మొత్తం కలిపినా 40 మీటర్లకి అటూఇటూ. పైకెక్కి వెనక్కి తిరిగి చూస్తే ఈపర్ చర్చి శిఖరం, పాత బట్టల సంత భవనం క్లాత్ హాల్ గంటల గోపురం అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తాయి. ఆ పైన జర్మన్లు, కింద పళ్ళెంలాంటి పల్లంలో బ్రిటిష్‌వాళ్ళు. 1917 జులై 31న మొదలైన పోరు నవంబరు 10 దాకా సాగితే ముందుకు జరిగింది సుమారు 8 కిలోమీటర్లు. మీరు నీళ్ళు తాగడానికి ఒక్కసారి ఆగి తొక్కేసే దూరం. ఆ ఎత్తు విలువ ఏ మ్యూజియం బోర్డుకన్నా మీ తొడలకి బాగా తెలుస్తుంది. అందుకే సైకిలే మేలంటాను.

వారానికి రెండు మకాములు చాలు. మొదటి మూడు నాలుగు రోజులు ఈపర్‌లోనే ఉండండి. తర్వాత సరిహద్దు దాటి నెవ్-షాపెల్ మీదుగా బేతూన్ చేరండి. అక్కడ రైలెక్కి ఆల్బేర్‌లో దిగితే సోమ్ యుద్ధభూమి. ఈ మూడింటినీ రోడ్డు మీదే కలపాలని పంతం పట్టకండి. అరాస్ చుట్టుపక్కల గుండా గాలికి ఎదురు తొక్కుతూ సాయంత్రానికి డీలాపడితే మర్నాడు ఏ సమాధి దగ్గరా మనసు నిలవదు. ఫ్రాన్స్‌లో ప్రాంతీయ రైళ్ళలో సైకిల్ తీసుకెళ్ళడం తేలిక. బెల్జియం రైళ్ళలో మాత్రం సైకిల్‌కి విడిగా టికెట్ కొనాలి, మడతపెట్టే సైకిలైతే అక్కర్లేదు. ఈపర్ స్టేషన్ కోర్త్రెయిక్ నుంచి పోపరింగె వెళ్ళే లైన్లో వస్తుంది.

ఈపర్ చుట్టూ దారి వెతుక్కోవడం మీకు కొత్త కాదు. హాలండ్‌లో ఉన్నట్టే ఇక్కడా కూడళ్ళలో నంబర్ల బోర్డులుంటాయి. నంబర్లు కాగితం మీద రాసుకుని హ్యాండిల్‌కి అంటించుకుంటే ఫోను తీయాల్సిన పనే ఉండదు. సరిహద్దు దాటాక అంత సుఖం ఉండదు, ఫోనులో మ్యాప్ ముందే దించుకోండి. ఇంకో తిరకాసు, ఫ్లెమిష్ బోర్డుల మీద లీల్ పేరు రైసెల్ అని ఉంటుంది. తెలియక నాలుగు రోడ్ల మధ్య నిలబడిపోయినవాళ్ళు చాలామంది.

మొదటి రోజు చుట్టు ఇలా పెట్టుకోండి: ఈపర్, జోన్నెబేకె, టైన్ కాట్, లాంగెమార్క్, ఎసెక్స్ ఫార్మ్, తిరిగి ఈపర్. అంతా కలిపి 35 కిలోమీటర్ల లోపే. జోన్నెబేకె నుంచి టైన్ కాట్ దాకా పాత రైలుకట్ట మీద చక్కటి దారి వేశారు.

టైన్ కాట్ ప్రపంచంలోనే అతిపెద్ద కామన్వెల్త్ సైనిక శ్మశానం. దాదాపు 12,000 సమాధులు, వాటిలో 8,300కి పైగా పేరు తెలియనివాళ్ళవే. వెనక గోడ మీద శవం దొరకనివాళ్ళ పేర్లు మరో 35,000 దాకా ఉన్నాయి. ఈ అంకెలు చూసి చేష్టలుడిగి నిలబడి, నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు చాలామంది. మీరు అలా చేయకండి. మధ్యలో పెద్ద శిలువ ఉంటుంది. దాని పీఠం లోపల ఉన్నది జర్మన్ల కాంక్రీటు బంకరే. 1922లో ఐదో జార్జి రాజు వచ్చినప్పుడు దాన్నలాగే ఉంచి పైన శిలువ కట్టమన్నాడట. ఆ శిలువ పక్కనున్న సమాధులు గమనించండి, వరస తప్పి, వంకరటింకరగా, తలోదిక్కుకీ ఉంటాయి. యుద్ధం జరుగుతుండగా ఎక్కడ వీలైతే అక్కడ పూడ్చినవి అవి, మూడొందల పైచిలుకు. మిగతా వేలన్నీ గీత గీసినట్టు ఉంటాయి. యుద్ధం అయ్యాక చుట్టుపక్కల పొలాల్లోంచి తవ్వి తెచ్చి వరసలు పేర్చినవి అవి.

ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే ప్రతి శ్మశానాన్నీ చదవొచ్చు. వరసలు వంకరగా ఉంటే గుండ్ల మధ్య తవ్వారన్నమాట. రెండు మూడు రాళ్ళు మధ్యలో సందు లేకుండా ఒకదానికొకటి ఆనించి ఉంటే వాళ్ళని కలిపి పూడ్చారని, విడదీయడం సాధ్యపడలేదని. తేదీలు ఒకదాని తర్వాత ఒకటి క్రమంగా నడుస్తుంటే అది ఆసుపత్రి శ్మశానం. ఈ మూడోదానికి పోపరింగె దగ్గరున్న లైసెంట్‌హూక్‌ని మించింది లేదు. రెండో రోజు అక్కడికి పెట్టుకోండి, దారంతా హాప్స్ (బీరులో వేసే తీగ) పందిళ్ళు. 10,000కి పైగా సమాధులున్నా ఒకదాని వెంట ఒకటి నడుస్తూ తేదీలు మాత్రం చూడండి. 1916లో నెమ్మదిగా కదిలే తేదీలు 1917 ఆగస్టుకి వచ్చేసరికి ఆగిపోతాయి, ఒకే రోజు వరసలకి వరసలు. అంతమంది మగవాళ్ళ మధ్య ఒకే ఒక్క ఆడమనిషి, నెల్లీ స్పిండ్లర్ అనే నర్సు. 1917 ఆగస్టులో ఆసుపత్రి మీద గుండు పడి చనిపోయింది, వయసు 26.

లాంగెమార్క్ జర్మన్లది. అది తప్పకుండా చూడాలి, అదీ టైన్ కాట్ చూసిన రోజే చూడాలి. ఓక్ చెట్ల నీడ, నేలకి అతుక్కున్న బల్లపరుపు రాళ్ళు, ఒక్కో రాయి మీద అనేక పేర్లు. గేటు దాటగానే ఉన్న ఒక్క గోతిలోనే దాదాపు 25,000 మంది. మొత్తం 44,000 దాటతారు. గెలిచినవాళ్ళకి ఎండ, పూలమొక్కలు దక్కితే ఓడినవాళ్ళకి నీడ, ఇరుకు దక్కాయి. స్థలం ఇవ్వాల్సింది బెల్జియం కదా, జర్మన్లకి ధారాళంగా ఇచ్చే మనసు వాళ్ళకి లేకపోవడంలో ఆశ్చర్యమేముంది!

రాత్రి 8కి ఈపర్‌లో శవం దొరకనివాళ్ళ స్మారక ద్వారం మెనిన్ గేట్ దగ్గర లాస్ట్ పోస్ట్, అంటే చనిపోయినవాళ్ళ కోసం ఊదే బాకా. 1928 నుంచి రోజూ జరుగుతోంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఆక్రమించిన కాలంలో మాత్రమే ఆగింది, 1944 సెప్టెంబరు 6న ఊరికి విముక్తి వచ్చిన సాయంత్రమే మళ్ళీ మొదలైంది. వేసవిలో ఏడుంబావుకల్లా వెళ్తే గాని ముందు వరస దొరకదు. చప్పట్లు కొట్టకూడదు. గేటు గోడల మీద 54,000కి పైగా పేర్లున్నాయి, వాటిలో మన రెజిమెంట్లవీ ఉన్నాయి. దగ్గర్లోనే కోటగోడ గట్టు మీద భారత సైనికుల స్మారకం కూడా ఉంది.

ఇక మనవాళ్ళ సంగతి. 1914 సెప్టెంబరు చివరి నుంచి మార్సెయ్ రేవులో దిగిన లాహోర్, మీరట్ డివిజన్లని అక్టోబరుకల్లా ఈ బురదలోకి తెచ్చి దించారు. అక్టోబరు 31న హోలెబేకె దగ్గర తోటివాళ్ళంతా పడిపోయినా మెషీన్‌గన్ వదలని ఖుదాదాద్ ఖాన్‌కి బ్రిటిష్ సైన్యంలో అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. ఆ పతకం గెలుచుకున్న తొలి భారతీయ సైనికుడు ఆయనే. ఈపర్ నుంచి దక్షిణంగా పాలింగ్‌బేక్ అడవి గుండా, పాడుబడ్డ కాలువ పక్కన తొక్కుతూ హోలెబేకె చేరొచ్చు. ఈ ప్రాంతంలో నాకు బాగా ఇష్టమైన దారి అదే. 1915 ఏప్రిల్ 22న లాంగెమార్క్ దగ్గర జర్మన్లు విషవాయువు వదిలాక, నెవ్-షాపెల్ వైపునున్న లాహోర్ డివిజన్‌ని హడావుడిగా నడిపించుకొచ్చి 26న దాడికి దింపారు. మీరు ఈపర్ నుంచి ఫ్రాన్స్‌కి వెళ్ళే రోజు తొక్కే దూరాన్ని వాళ్ళు ఎదురుదిక్కున, మూటాముల్లెతో, రాళ్ళు పరిచిన దారుల మీద కాళ్ళీడ్చుకుంటూ నడిచారు. వచ్చీరాగానే గ్యాస్‌లోకి. మాస్కులు లేవు, తడి గుడ్డలే. జమాదార్ మీర్ దస్త్‌కి విక్టోరియా క్రాస్ వచ్చింది ఆ రోజే.

ఈపర్ నుంచి మెసెన్ గుట్ట, ప్లూగ్‌స్టేర్ట్, అర్మాంతియేర్, లావాంతీ మీదుగా నెవ్-షాపెల్ 40 కిలోమీటర్లకి కాస్త అటూఇటూ. లావాంతీ దగ్గర ర్యూ-దు-బాకెరో శ్మశానంలో భారతీయుల భాగం ఉంది, ముందు అక్కడ ఆగండి. హిందువుల రాళ్ళ మీద శిలువ ఉండదు, పైన దేవనాగరిలో 'ఓం భగవతే నమః' అని చెక్కి ఉంటుంది. ముస్లింలకి అరబిక్‌లో, సిక్కులకి గురుముఖిలో. ఎత్తు, వెడల్పు, రాయి మాత్రం బ్రిటిష్ దొర సమాధిదెంతో సిపాయిదీ అంతే. హోదా చూడకుండా అందరికీ ఒకే రాయి పెట్టాలన్నది ఈ శ్మశానాలని చూసుకునే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 1917లో పుట్టినప్పటి నియమం. డబ్బున్న కుటుంబాలు తమవాళ్ళకి పెద్ద సమాధులు కట్టుకుంటామని గొడవ చేసినా ఒప్పుకోలేదు.

నెవ్-షాపెల్ స్మారకం ఊరి బయట, లారీలు దూసుకుపోయే కూడలిలో ఉంటుంది. సైకిల్ దిగి నడిపించుకుంటూ రోడ్డు దాటండి. లోపలికి అడుగుపెట్టాక మాత్రం ఢిల్లీలో ఉన్నట్టు అనిపిస్తే అది మీ భ్రమ కాదు. కట్టింది హెర్బర్ట్ బేకర్, ఢిల్లీ సెక్రటేరియట్ గీసినాయనే. టైన్ కాట్ కూడా ఈయనదే. గుండ్రటి ఆవరణ, జాలీ పనితనం, ఛత్రీలు, మధ్యలో 15 మీటర్ల స్తంభం, దాని తలమీద తామర. కింద కాపలాగా రెండు పులులు. గోడ మీద 4,700కి పైగా పేర్లు. రెజిమెంట్ వారీగా చదవాలి, అక్షరక్రమంలో కాదు. 39వ గఢ్వాల్ రైఫిల్స్ దగ్గర ఆగండి. 1915 మార్చి 10న ఈ ఊరి కందకాల్లోకి దూకి ప్రాణమిచ్చిన గబర్ సింగ్ నేగీ పేరు అక్కడుంది. శవం దొరకలేదు కాబట్టే పేరు గోడకెక్కింది. ఎదురుగా పోర్చుగల్ సైనికుల శ్మశానం కూడా ఉంది, పది నిమిషాలు చాలు.

తెలుగు పేర్లు దొరుకుతాయా అంటే, ఫ్రాన్స్‌లో ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఇక్కడికొచ్చినవాళ్ళలో అధికభాగం పంజాబీలు, గఢ్వాలీలు, గూర్ఖాలు, పఠాన్లు. మన జిల్లాల కుర్రాళ్ళు చేరే మద్రాసు సాపర్లు, పయనీర్లు (వంతెనలు, కందకాలు, రోడ్ల పనిచేసే దళాలు) ఎక్కువగా మెసపొటేమియాకీ తూర్పు ఆఫ్రికాకీ వెళ్ళారు. అక్కడ పోయినవాళ్ళకి జరిగిన అన్యాయం వేరు. బస్రా స్మారకం మీద బ్రిటిష్‌వాళ్ళ పేర్లూ, భారతీయ అధికారుల పేర్లూ చెక్కి, మామూలు భారతీయ సిపాయిలని రెజిమెంట్ పేరు కింద ఇంతమంది అని అంకె వేసి వదిలేశారు. యూరప్‌లో పాటించిన సమానత్వం సూయజ్ దాటాక పాటించలేదన్నమాట. 2021లో కామన్వెల్త్ కమిషనే స్వయంగా నివేదిక వేసి ఆ సంగతి ఒప్పుకుంది. కనీసం 1,16,000 మందికి పేరు దక్కలేదనో, అసలు స్మారకమే లేదనో అందులో లెక్క తేల్చారు. కాబట్టి ఇక్కడి గోడ మీద వెంకటస్వామి పేరు కనబడలేదంటే యుద్ధానికి రాలేదని కాదు. కమిషన్ వెబ్‌సైట్లో ఇంటిపేరు, ఊరు, జిల్లా పెట్టి వెతకండి. మన ఊళ్ళ స్పెల్లింగులు ఇంగ్లీషు గుమాస్తాల చేతిలో నానా రకాలుగా మారాయి, నాలుగైదు విధాలుగా ప్రయత్నించాలి.

మనకి సూటిగా ముడిపడిన చోటు ఒకటుంది, అందుకే ఆల్బేర్ దాకా రమ్మంటున్నాను. అక్కడ దిగి లాంగ్వాల్ ఊరికి తొక్కండి. మైదానం కాదు, అలల్లా లేచిపడే గోధుమ పొలాలు, చక్కెర దుంప చేలు. లాంగ్వాల్ నుంచి మార్టిన్‌పుయిష్ వైపు వెళ్ళే సన్న రోడ్డు మీద కుడిచేతి వైపు ఒక అడవి ముక్క వస్తుంది, పేరు హై వుడ్. 1916 జులై 14 సాయంత్రం ఈ చేలల్లోనే ఈటెలు పట్టుకుని గుర్రాల మీద దూకింది సికింద్రాబాద్ అశ్వికదళ బ్రిగేడ్. అవును, మన సికింద్రాబాదే. అందులో 20వ డక్కన్ హార్స్, నిజాం రాజ్యంలోని హైదరాబాద్ కంటింజెంట్ నుంచి పుట్టిన రెజిమెంట్. రౌతులు సిక్కులు, జాట్లు, దక్కనీ ముస్లింలు. మెషీన్‌గన్ల కాలంలో ఈటెలేంటని ఇప్పుడు నవ్వొచ్చు గానీ ఆ సాయంత్రం చేలో నక్కిన జర్మన్లని పొడిచి, పట్టుకుని, రాత్రంతా ఆ గట్టు మీద నిలబడి తెల్లవారాక వెనక్కి వచ్చారు. అడవి పూర్తిగా వశమవడానికి సెప్టెంబరు మధ్య దాకా పట్టింది. బొల్లారం, తిరుమలగిరి వైపు పెరిగినవాళ్ళెవరైనా ఆ రోడ్డు మీద సైకిల్ ఆపకుండా పోలేరు. అడవిలోకి మాత్రం వెళ్ళకండి. ప్రైవేటు భూమి, పైగా ఎంతోమంది ఇంకా ఆ మట్టిలోనే ఉన్నారు. ఎదురుగా లండన్ శ్మశానం గేటు దగ్గర నిలబడితే పొలం ఏటవాలు మొత్తం కనిపిస్తుంది. అక్కణ్ణుంచి తీప్వాల్ దగ్గరే, లట్యెన్స్ కట్టిన కమాను, శవం దొరకనివాళ్ళ పేర్లు 72,000కి పైగా. ఇండియా గేట్ చూసినవాళ్ళకి ఆ చెయ్యి ఇట్టే తెలిసిపోతుంది.

మీ మామూలు సైకిలే చాలు, గేర్లుంటే. టైరు 35 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, రాళ్ళు పరిచిన రోడ్లు మణికట్లు విరిచేస్తాయి. కెమ్మెల్ గుట్ట రాళ్ళదారి జోలికి పోకండి, రేసువాళ్ళే అక్కడ తిట్టుకుంటారు. చుట్టూ తారురోడ్డుంది. అక్టోబరులో దుంపలు తవ్వే ట్రాక్టర్లు రోడ్డు మీద బంకమన్ను వదుల్తాయి, వానపడితే సబ్బే. మే చివర, జూన్ బాగుంటాయి. గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది, కాబట్టి ఈపర్ నుంచి ఫ్రాన్స్‌కి వెళ్ళే రోజు ఎదురుగాలే. పొద్దున్నే బయల్దేరండి.

పొలం గట్టునో కరెంటు స్తంభం మొదట్లోనో తుప్పుపట్టిన ఇనప గుండు కనిపిస్తే ముట్టుకోకండి, కాలితో కదపకండి, పక్కన నిలబడి ఫొటో కూడా వద్దు. రైతులు దున్నుతూ తీసి సైన్యం పట్టుకెళ్ళడానికి అక్కడ పెడతారు. నూరేళ్ళ తర్వాత కూడా పేలేవి ఉన్నాయి, గ్యాస్‌వీ ఉన్నాయి.

ఫ్రెంచి పల్లెల్లో ఆది, సోమవారాలు కొట్లు మూసి ఉంటాయి. నీళ్ళు కావాలంటే చర్చి పక్క ఊరి శ్మశానంలో కుళాయి ఉంటుంది, తాగరాదని బోర్డు లేకపోతే పట్టుకోవచ్చు. సైనిక శ్మశానాల్లో మరుగుదొడ్లు దాదాపు ఉండవు. మీరు శాకాహారులైతే బెల్జియంలో చిప్స్ కొనేముందు నూనె ఏదో అడగండి, చాలాచోట్ల ఎద్దు కొవ్వులో వేయిస్తారు. మావాళ్ళు పులిహోర కట్టుకొస్తారు, రెండో పూటకి కూడా నిలుస్తుంది.

సైకిల్ గోడ బయటే ఆనించండి. అడుగున క్లీట్లున్న బూట్లయితే మార్చుకుని లోపలికి వెళ్ళండి. రాళ్ళ మొదట్లో ఉన్న చిన్న మొక్కలు అందానికి మాత్రమే కాదు, వానకి మట్టి చింది రాతి మీద పడకుండా నాటినవి. తొక్కకండి, పూలు తెంపకండి. కర్పూరం, అగరొత్తులు, కొబ్బరికాయలు వద్దు. మసి పడితే ఆ తెల్లరాయి మీంచి పోదు. గేటు పక్క గోడలో చిన్న లోహపు తలుపు ఉంటుంది, తెరిస్తే పేర్ల పుస్తకం, సందర్శకుల పుస్తకం. తెలుగులో రాయండి, నిక్షేపంగా రాయొచ్చు. రోజుకి మూడు శ్మశానాలకి మించి పెట్టుకోకండి. నాలుగోది వచ్చేసరికి రాళ్ళే కనిపిస్తాయి, పేర్లు కనిపించవు.

అత్తగారికి చెప్పాల్సింది సులువే. ఇవి దహనమో ఖననమో నడుస్తున్న శ్మశానాలు కావు, నూరేళ్ళ కిందటివి. హిందువులు, సిక్కుల్లో వీలైనవాళ్ళని అప్పుడే దహనం చేశారు కూడా. సాయంత్రం ఎలాగూ బురదతో వస్తారు, తలస్నానం చేయక తప్పదు, ఆ మాట చెప్తే ఆవిడకీ ఊరట. ఆవిడ కూడా వస్తానంటే ఈపర్‌లో బ్యాటరీ సైకిళ్ళు అద్దెకి దొరుకుతాయి.

బస మాత్రం ముందే మాట్లాడుకోండి. యుద్ధం ఆగిన రోజు నవంబరు 11, ఆ వారంలో ఈపర్‌లో గది దొరకడం కష్టం, దొరికినా ధర మండిపోతుంది. ఏప్రిల్ 25, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వాళ్ళు తమ సైనికులని తలుచుకునే ఆంజాక్ దినం, ముందు వెనకలూ అంతే. మీ తేదీలు, సైకిల్ టైరు సైజు రాస్తే ఈపర్ నుంచి నెవ్-షాపెల్ దాకా లారీల రోడ్లు తప్పించే దారి గీసి పెడతాను.